వడ్రంగి చేతికి జిగ్‌సా: ఏది కొనాలి, ఏం చూసి కొనాలి



పల్నాడు జిల్లా ఈపూరు మండలంలో కొత్త ఇల్లు కట్టే చోట వడ్రంగికి ఇప్పుడు రెండు రకాల పని దొరుకుతోంది. ఒకటి తాతల నాటి పని: టేకు గుమ్మాలు, కిటికీలు, తలుపులు. రెండోది ఈ మధ్య కాలంలో పల్లెలకు వచ్చిన పని: ప్లైవుడ్ బీరువాలు, వంటింటి అరలు, టీవీ వెనక పలక, దేవుడి గది ముందు కమాను. గుమ్మాల పనిలో కోతలన్నీ దాదాపు తిన్ననివే. ప్లైవుడ్ పనిలో వంపులుంటాయి, గుండ్రాలుంటాయి, పలక నడిమధ్యన చతురస్రంగా తీయాల్సిన ఖాళీలుంటాయి. చేతి రంపం తిన్నగా పోవడానికి పుట్టింది. దానితో వంపు కోయాలంటే చాలాసేపు పడుతుంది, అంచు ఎగుడుదిగుడుగా వస్తుంది, తరువాత ఆకురాయితో అరగదీయాల్సి వస్తుంది. ఆ పనికోసమే వడ్రంగులు జిగ్‌సా మిషన్ కొంటున్నారు.

కొనేటప్పుడు మాత్రం చాలామంది దుకాణంలో అడిగేది ఒకే ప్రశ్న: ఇది ఎన్ని వాట్లు? వాట్లు ఎక్కువైతే మిషన్ గొప్పదన్న నమ్మకం బలంగా ఉంది. జిగ్‌సా విషయంలో ఈ లెక్క సగమే నిజం. కోత శుభ్రంగా రావడం ముందు బ్లేడు మీద, తరువాత మిషన్ కింద ఉండే పాదం మీద, ఆపైన వేగాన్ని తగ్గించి పెంచే ఏర్పాటు మీద ఆధారపడుతుంది. వాట్ల సంగతి ఆ తరువాతే. అందుకే కొనబోయేవారు తాము ఏ చెక్క మీద, ఎంత మందంలో, ఏ ఆకారంలో కోయబోతున్నారో ముందే రాసుకుని దుకాణానికి వెళ్ళాలి.

ఈ మిషన్ పుట్టిన తీరు వింటే అది ఏ పనికి తగినదో సులువుగా తెలుస్తుంది. 1946లో స్విట్జర్లాండ్‌లోని సింటిల్లా అనే కంపెనీలో ఆల్బర్ట్ కాఫ్‌మన్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఇంట్లో భార్య కుట్టుమిషన్ మీద సూది పైకీ కిందికీ ఆడుతుంటే చూసి, ఆ సూది తీసేసి దాని చోట సన్నటి రంపపు బ్లేడు బిగించాడు. చెక్క తెగింది. ఆ మరుసటి ఏడాది, 1947లో, సింటిల్లా కంపెనీ ‘లెస్టో’ పేరుతో చేతిలో పట్టుకుని నడిపే జిగ్‌సాను అమ్మకానికి పెట్టింది. 1954లో ఆ కంపెనీ జర్మనీకి చెందిన బాష్ చేతికి వచ్చింది. ఇవాళ వినుకొండలోనో నరసరావుపేటలోనో అరలో కనిపించే ఏ జిగ్‌సా అయినా లోపల చేసేది ఆ పనే: మోటారు గుండ్రంగా తిరుగుతుంది, గేర్లు ఆ తిరుగుడును పైకీ కిందికీ ఆడే కదలికగా మారుస్తాయి, ఆ కొసన బ్లేడు ఉంటుంది.

ఆ బ్లేడును మిషన్ పట్టుకునేది పైకొస దగ్గర ఒక్కచోటే. కింది కొస గాలిలో ఉంటుంది. జిగ్‌సా బలమూ బలహీనతా రెండూ ఇక్కడే ఉన్నాయి. కింది కొస స్వేచ్ఛగా ఉంది కాబట్టి, పలక మధ్యలో చిన్న రంధ్రం చేసి, అందులోంచి బ్లేడు దించి, కావలసినట్టు వంపు తిప్పవచ్చు. అదే కారణం వల్ల మందపాటి చెక్కలో బ్లేడు కొస పక్కకు వంగుతుంది. పైన గీత మీదే పోతున్నట్టు కనిపిస్తుంది. కింద తిప్పి చూస్తే కోత నాలుగైదు మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉంటుంది.

మన ప్రాంతంలో గుమ్మాలకు 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్న కమ్ములు వాడడం మామూలు. 3 అంగుళాలంటే 76 మిల్లీమీటర్లు. 450 వాట్ల తరగతి జిగ్‌సా చెక్కలో కోయగల లోతు సుమారు 65 మిల్లీమీటర్లు. అంటే ఆ కమ్మి దానికి అందనే అందదు. 650, 700 వాట్ల మిషన్లు 80, 90 మిల్లీమీటర్ల దాకా కోస్తాయని పెట్టె మీద రాసి ఉంటుంది. ఆ మాట నిజమే, కోస్తాయి. కాని అంత మందంలో కోత మూలమట్టానికి నిలబడుతుందని ఆ పెట్టె మీద రాయరు. గుమ్మం కమ్ములకు చేతి రంపమో, సర్క్యులర్ సానో, సామిల్లో దారి. జిగ్‌సా చేత ఆ పని చేయించాలని చూస్తే బ్లేడూ పోతుంది, ఖరీదైన టేకూ పోతుంది.

జిగ్‌సా నిజంగా రాణించేది 6 మిల్లీమీటర్ల నుంచి 25 మిల్లీమీటర్ల మందం దాకా. బజారులో ప్లైవుడ్ 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న పలకలుగా, 6, 9, 12, 18 మిల్లీమీటర్ల మందాల్లో వస్తుంది. బీరువాలకు ఎక్కువగా వాడేది 18. ఈ మందంలో మంచి బ్లేడు వేస్తే కోత పైనా కిందా ఒకేలా వస్తుంది. ఊరేగింపులకు, పెళ్ళిళ్ళకు వాడే సౌండ్ బాక్సులు తయారుచేసే వారిని చూడండి. 12 అంగుళాల స్పీకరుకు ప్లైవుడ్‌లో సుమారు 11 అంగుళాల గుండ్రటి రంధ్రం తీయాలి. స్పీకరు అంచు ఆ రంధ్రం చుట్టూ ఖాళీ లేకుండా కూర్చోవాలి. ఆ గుండ్రం జిగ్‌సా పని. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభలు కట్టుకుని వెళ్ళే ఊళ్ళున్న సీమ ఇది. ప్రభ పైభాగపు వంపు పల్నాడు పిల్లలకు కూడా కంటికి అలవాటైన ఆకారం. దేవుడి గదికి అలాంటి వంపుతో కమాను కావాలని ఇంటివారు అడిగితే, దాన్ని 18 మిల్లీమీటర్ల పలకలో నునుపుగా తీసేది ఈ మిషనే. ఊయల బల్ల మూలలు గుండ్రం చేయాలన్నా, గోడలోంచి ముందుకొచ్చిన స్తంభానికి ఆనేలా అరలో గంటు తీయాలన్నా, టీవీ పలక వెనక స్విచ్‌బోర్డుకు ఖాళీ వదలాలన్నా ఇదే.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి చెప్పి తీరాలి. చాలామంది వడ్రంగులు రాళ్ళు కోసే మార్బుల్ కట్టర్‌కు చెక్క కోసే చక్రం బిగించి ప్లైవుడ్ కోస్తున్నారు. అది చవక, తిన్నగా వేగంగా పోతుంది. కాని ఆ మిషన్ నిమిషానికి సుమారు 12,000 చుట్లు తిరుగుతుంది. చక్రాన్ని కప్పే కింది తొడుగు దానికి ఉండదు. చక్రం చెక్కలో బిగుసుకుంటే మిషన్ ఒక్క ఊపున వెనక్కి, మనిషి మీదికి ఎగురుతుంది. వంపు కోయడానికీ, పలక మధ్యలో దించడానికీ దాన్ని వాడితే ఆ ముప్పు మరీ ఎక్కువ. వేళ్ళు పోగొట్టుకునేది ఇలాంటి కోతల్లోనే. ఆ కోతలన్నీ జిగ్‌సాకు వదిలేయడం వడ్రంగి తన చేతులకు తాను చేసుకునే మేలు.

ఇప్పుడు బ్లేడు సంగతి. బ్లేడు పైకొస ఆకారం రెండు రకాలు. ఒకటి ఇంగ్లీషు టీ అక్షరంలా రెండు పక్కల చెవులున్నది. రెండోది యూ అక్షరంలా గాడి ఉన్నది, దాన్ని మరతో బిగించాలి. ఇప్పటి మిషన్లలో ఎక్కువ భాగం టీ రకానివే, బ్లేడ్లు కూడా ఆ రకంలోనే ఎక్కువగా దొరుకుతాయి. కొనే మిషన్ టీ రకం బ్లేడు పట్టాలి, అది కూడా తాళం చెవి అవసరం లేకుండా మీట నొక్కితే బ్లేడు ఊడివచ్చేలా ఉండాలి. రోజుకు పదిసార్లు బ్లేడు మార్చాల్సిన పని ఇది. చిన్న ఇనప తాళం చెవితో మర తిప్పుతూ కూర్చోవాల్సి వస్తే, మార్చాల్సిన చోట మార్చకుండా ఉన్న బ్లేడుతోనే లాగించేయడం అలవాటవుతుంది. కోత చెడేది అక్కడే.

పళ్ళ సంగతి చూద్దాం. పళ్ళ మధ్య ఎడం ఎక్కువైతే కోత వేగంగా, గరుకుగా ఉంటుంది. ఎడం తక్కువైతే కోత నెమ్మదిగా, నునుపుగా ఉంటుంది. బ్లేడు మీద ముద్రించిన సంఖ్యలు చూసి దీన్ని గుర్తుపట్టవచ్చు. బాష్ మొదలుపెట్టిన ఈ సంఖ్యలను ఇతర కంపెనీలవారు కూడా చాలావరకు వాడుతున్నారు. టీ 144 డీ అన్నది చెక్కను గబగబా కోసేది, దాని పళ్ళు 4 మిల్లీమీటర్ల ఎడంతో ఉంటాయి. టీ 101 బీ అన్నది ప్లైవుడ్‌కూ టేకు పలకకూ శుభ్రమైన కోత ఇచ్చేది, ఎడం 2.5 మిల్లీమీటర్లు. టీ 119 బీఓ సన్నటి వెడల్పుతో వంపుల కోసం చేసింది. టీ 118 ఏ పలచటి ఇనప రేకు కోసం. ఈ నాలుగింటిని సంచీలో పెట్టుకుంటే మామూలు ఇంటిపనిలో తొంభై పాళ్ళు గట్టెక్కుతుంది.

అయిదో బ్లేడు ఒకటుంది, దాని పేరు టీ 101 బీఆర్. దాని అవసరం అర్థం కావాలంటే జిగ్‌సా ఏ దిక్కున కోస్తుందో తెలియాలి. మామూలు బ్లేడుకు పళ్ళు పైకి చూస్తుంటాయి. అందువల్ల బ్లేడు పైకి లేచేటప్పుడే కోస్తుంది, కోస్తూ పై పొరను చిట్లగొడుతుంది. కింది వైపు మాత్రం శుభ్రంగా ఉంటుంది. సన్మైకా అంటించిన పలకను బాగున్న వైపు పైకి పెట్టి కోస్తే అంచంతా పెచ్చులు లేచిపోతుంది. ఇంటివారి కళ్ళు ముందు అక్కడే పడతాయి. దీనికి మూడు మందులున్నాయి. మొదటిది, బాగున్న వైపు కిందికి పెట్టి వెనక వైపు గీత గీసుకుని కోయడం. ఇలా చేసేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయని గుర్తుంచుకోవాలి. రెండోది, గీత మీద కాగితపు టేపు అంటించి, దాని మీద గీసి కోయడం. మూడోది టీ 101 బీఆర్. దానికి పళ్ళు కిందికి చూస్తాయి, కాబట్టి పై వైపు చిట్లదు. కాని కిందికి కోసే బ్లేడు మిషన్‌ను పైకి ఎత్తేస్తుంటుంది, చేతితో గట్టిగా అదిమి పట్టాలి. వంటింట్లో బిగించేసిన పలక లాంటివి తిప్పి పెట్టడానికి వీలుండదు. అలాంటి చోట ఈ బ్లేడే దిక్కు.

బ్లేడు ఉక్కు కూడా చూసి కొనాలి. కార్బన్ ఉక్కు బ్లేడ్లు చవక, మెత్తటి చెక్కకు సరిపోతాయి. హైస్పీడ్ ఉక్కు లోహాల కోసం. ఈ రెండు ఉక్కులనూ కలిపి అతికించి చేసిన బైమెటల్ బ్లేడ్లు ధర ఎక్కువ. కాని అవి వంగినా విరగవు, పళ్ళు చాలాకాలం నిలుస్తాయి. ప్లైవుడ్ పొరల మధ్య ఉండే జిగురు, పార్టికల్ బోర్డులోని జిగురు బ్లేడు పళ్ళను త్వరగా మొండి చేస్తాయి. నల్లతుమ్మ టేకు కంటే గట్టిది. వేప చెక్కలో నార ఒకదానిలోకి ఒకటి అల్లుకుపోయి ఉంటుంది. ఇలాంటివి ఎక్కువగా కోసేవారికి బైమెటల్ బ్లేడు పెట్టుబడి తిరిగి వస్తుంది. రేకు కోసేటప్పుడు ఒక నియమం పాటించాలి: ఏ క్షణంలోనైనా రేకు మందంలో రెండు, మూడు పళ్ళు పట్టుకుని ఉండాలి. లేకపోతే పళ్ళు రేకు అంచుకు తగులుకుని ఊడిపోతాయి.

బ్లేడు మొండిపడిందని ఎలా తెలుస్తుంది? కోత దగ్గర చెక్క నల్లబడుతుంది, పొగ వాసన వస్తుంది, మిషన్‌ను ముందుకు తోయాల్సి వస్తుంది. తోసినకొద్దీ బ్లేడు వంగుతుంది, మోటారు వేడెక్కుతుంది. చాలా మోటార్లు కాలిపోవడానికి మూలం అరిగిపోయిన బ్లేడే. కొన్ని పదుల రూపాయల బ్లేడు దాచుకోబోయి వేల రూపాయల మిషన్ పోగొట్టుకోకూడదు. అందుకే మిషన్‌కు అనుకున్న డబ్బులో కొంత తీసి ముందుగానే బ్లేడ్లకు పక్కన పెట్టాలి.

ఇప్పుడు మిషన్ దగ్గరికి వద్దాం. పెట్టె మీద ఉండే అంకెల్లో ముందు చూడాల్సింది బ్లేడు ఒక్కసారి పైకీ కిందికీ ఎంత దూరం ఆడుతుందన్నది. చిన్న మిషన్లలో అది 18 మిల్లీమీటర్లు, పెద్దవాటిలో 26 దాకా ఉంటుంది. ఆట పొడవు ఎక్కువైతే ప్రతి ఊపులో ఎక్కువ పళ్ళు పనిచేస్తాయి, పొట్టు త్వరగా బయటికి వస్తుంది, బ్లేడు అంతటా సమంగా అరుగుతుంది. రోజూ బీరువాల పని చేసేవారికి 20 మిల్లీమీటర్లకు తగ్గని మిషన్ మేలు.

రెండోది వేగం. చాలా జిగ్‌సాలు నిమిషానికి 500 నుంచి 3,100 ఊపుల దాకా ఆడతాయి. ప్లైవుడ్‌కు పూర్తి వేగం పనికొస్తుంది. ప్లాస్టిక్ పలకను అదే వేగంతో కోస్తే వేడికి కరిగి వెనకాలే తిరిగి అతుక్కుపోతుంది. ఇనప రేకును పూర్తి వేగంతో కోస్తే బ్లేడు పళ్ళు కాలిపోతాయి. ఇప్పుడు పల్లెల్లోనూ స్నానాల గదులకు ప్లాస్టిక్ తలుపులు పెడుతున్నారు, వాటిని ఎత్తుకు తగ్గట్టు కోయాల్సి వస్తుంది. కాబట్టి వేగం మార్చే చక్రం లేని మిషన్ ఎంత చవకగా వచ్చినా కొనకూడదు.

మూడోది బ్లేడును ముందుకూ వెనక్కూ ఊపే ఏర్పాటు. మిషన్ పక్కన 0, 1, 2, 3 అని నాలుగు గుర్తులతో ఒక మీట ఉంటుంది. సున్నా దగ్గర పెడితే బ్లేడు నిలువుగా మాత్రమే ఆడుతుంది. మిగతా అంకెల దగ్గర, బ్లేడు పైకి వచ్చేటప్పుడు చెక్కను ముందుకు కొరుకుతుంది, కిందికి దిగేటప్పుడు కాస్త వెనక్కి తగ్గి పొట్టును వదులుతుంది. 3 దగ్గర మెత్తటి చెక్క చాలా వేగంగా తెగుతుంది, అంచు మాత్రం గరుకుగా వస్తుంది. సన్మైకాకు, వంపులకు, రేకులకు సున్నా. ప్లైవుడ్‌లో మామూలు తిన్నటి కోతకు 1. అంచు నునుపుతో పనిలేకుండా కేవలం ముక్కలు చేసుకోవడానికి 2 లేదా 3. ఈ మీట ఒక్కదాన్ని పని చూసి తిప్పడం నేర్చుకున్నవారికి కోతలో తేడా అదే రోజు కనిపిస్తుంది.

నాలుగోది పాదం, అంటే చెక్క మీద ఆనే లోహపు పలక. చవక మిషన్లలో అది వంచిన పలచటి రేకు. ఒకసారి కింద పడితే వంకరపోతుంది. పాదం వంకరైతే బ్లేడు నిలువు పోతుంది, ఆ తరువాత ఎంత మంచి బ్లేడు వేసినా కోత ఏటవాలే. పోతపోసిన అల్యూమినియం పాదమో, మందపాటి ఉక్కు పాదమో ఉన్నది ఎంచుకోవాలి. పాదాన్ని రెండు పక్కలా 45 డిగ్రీల దాకా వంచే వీలు దాదాపు అన్నింటికీ ఉంటుంది. వంచిన తరువాత తిరిగి సున్నా దగ్గరకు తెచ్చినప్పుడు అక్కడే గట్టిగా ఆగుతుందా అన్నది చూడాలి. సన్మైకా మీద గీతలు పడకుండా పాదానికి ప్లాస్టిక్ తొడుగు, బ్లేడు చుట్టూ చెక్క చిట్లకుండా ఉంచే చిన్న ప్లాస్టిక్ బిళ్ళ కొన్ని మిషన్లతో పాటే వస్తాయి. ఇవి చిన్న వస్తువుల్లా కనిపిస్తాయి గాని పనిలో పెద్ద తేడా చూపిస్తాయి.

పాదానికి కొంచెం పైన, బ్లేడు వెనక ఒక చిన్న చక్రం ఉంటుంది. బ్లేడును వెనక నుంచి ఆనుకుని నిలబెట్టేది అదే. అది బ్లేడు వీపుకు సరిగ్గా తగలాలి, సులువుగా తిరగాలి. అందులో పొట్టు చేరి బిగుసుకుపోతే బ్లేడు వేడెక్కి నీలంగా మారుతుంది. వారానికోసారి తుడిచి ఒక చుక్క నూనె వేస్తే చాలు.

వాట్ల మాట ఇప్పుడు. అప్పుడప్పుడు కోతలు చేసేవారికి 450 వాట్లు సరిపోతాయి. ఆ తరగతి మిషన్ రెండు కిలోల లోపే ఉంటుంది, పైకెత్తి గోడ దగ్గర కోయడానికి తేలిక. రోజంతా పలకల పని చేసేవారు 650 నుంచి 750 వాట్ల మధ్య చూడాలి. అది రెండున్నర కిలోల దాకా తూగుతుంది. అంతకు మించినవి ఇంటిపని వడ్రంగికి అక్కర్లేదు.

మన ఊళ్ళలో వాట్లను మింగేసేది ఇంకొకటుంది, వోల్టేజీ. ఈ మిషన్లు 230 వోల్టుల మీద నడిచేలా తయారవుతాయి. లైను చివర ఉన్న ఇంట్లో అది 190కి పడిపోతే మిషన్ బలం సుమారు మూడింట ఒక వంతు తగ్గుతుంది. అలాంటి వేళ తోసి కోయించకుండా నెమ్మదిగా కోయాలి. ఎక్స్‌టెన్షన్ వైరు కూడా ముఖ్యం. 700 వాట్ల జిగ్‌సా తీసుకునేది సుమారు 3 ఆంపియర్లే. కాని అదే బోర్డు మీద సర్క్యులర్ సా కూడా నడుస్తుంది కాబట్టి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, మూడు తీగలది, అతుకులు లేనిది వాడాలి. చుట్ట మొత్తం విప్పి నేల మీద పరవాలి. చుట్టలో ఉన్న వైరు వేడి బయటికి పోక కరిగిపోవచ్చు. చతురస్రంలో ఇంకో చతురస్రం ఉన్న గుర్తు మిషన్ మీద ఉంటే దానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉందని అర్థం. దానికి ఎర్త్ తీగ అక్కర్లేదు. అయినా తడి నేల మీద, కొత్త ప్లాస్టరింగ్ జరుగుతున్న ఇంట్లో పని కాబట్టి, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే బ్రేకరు బోర్డులో పెట్టించుకోవడం ప్రాణరక్షణ.

బ్యాటరీ జిగ్‌సాలు వచ్చాయి కదా, వైరున్నది ఎందుకని కొందరు అడుగుతారు. వైరు లేకపోతే సౌకర్యమే. కాని బ్యాటరీకి, చార్జరుకు పెట్టే డబ్బు చాలాసార్లు మిషన్ ధరను దాటుతుంది, కొన్నేళ్ళకు బ్యాటరీ మళ్ళీ కొనాలి. కరెంటున్న ఇళ్ళలో, సొంత కొట్టంలో పనిచేసే వడ్రంగికి వైరున్న మిషన్ అదే డబ్బుకు మెరుగైన పాదాన్ని, పొడవైన ఆటను, ఏడాదికి సరిపడా బ్లేడ్లను ఇస్తుంది. వైరు పొడవు చూసుకోవడం మరిచిపోకూడదు. 8 అడుగుల పలక ఒక చివర నుంచి ఇంకో చివరకు వెళ్ళేసరికి పొట్టి వైరు పలక అంచుకు తగులుకుంటుంది, చెయ్యి గీత తప్పుతుంది.

ఆరోగ్యం సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క ధూళిని మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో చేర్చింది. ముక్కు లోపల, దాని పక్కన ఉండే గాలి గదుల్లో ఆ జబ్బు వస్తుంది. కాబట్టి మిషన్ వెనక వాక్యూమ్ గొట్టం తగిలించే రంధ్రం ఉన్నదే కొనాలి. గొట్టం ఉన్నా లేకపోయినా మాస్కు పెట్టుకోవాలి. ముఖానికి కండువా చుట్టుకుంటే సన్నటి ధూళి ఆగదు, పైగా కండువా కొస మిషన్‌కు తగులుకునే ప్రమాదం ఉంది. కళ్ళకు అద్దాలు తప్పనిసరి. చేతికి పుట్టే అదురు గురించి కూడా ఆలోచించాలి. ఐరోపా దేశాల నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి చేతికి తగిలే అదురు సెకనుకు సెకనుకు 2.5 మీటర్లు దాటితే జాగ్రత్తలు మొదలుపెట్టాలని, 5 దాటకూడదని ఉంది. మిషన్‌తో వచ్చే పుస్తకంలో దాని అదురు ఎంతో రాసి ఉంటుంది. రెండు మిషన్లు మిగతా అన్నింటిలో సమానంగా ఉంటే అదురు తక్కువున్నదే తీసుకోవాలి.

అన్నింటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఒకటి. జిగ్‌సా బ్లేడు పలక కింద కూడా ఆడుతుంటుంది, అది కంటికి కనిపించదు. పలకను కింద నుంచి పట్టుకునే చెయ్యి ఆ దారిలో ఉండకూడదు. పలకను బల్లకు క్లాంపులతో బిగించి, రెండు చేతులూ పైనే ఉంచుకోవాలి. బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్గు తీయాలి. పాత చెక్క కోసేముందు మేకులున్నాయేమో చూసుకోవాలి.

ఇక డబ్బు. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, వాటిలో వడ్రంగం ఒకటి. 18 ఏళ్ళు నిండి, చేతులతో ఈ పని చేసుకునేవారు కుటుంబానికి ఒకరు చొప్పున చేరవచ్చు. పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఇ-వోచర్ రూపంలో సాయం ఉంది. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భత్యం ఇస్తారు. మొదటి విడత లక్ష రూపాయల దాకా 5 శాతం వడ్డీకి పూచీకత్తు లేకుండా అప్పు దొరుకుతుంది, 18 నెలల్లో తీర్చాలి. సక్రమంగా తీర్చినవారికి రెండో విడత 2 లక్షల దాకా ఇస్తారు. దరఖాస్తు కామన్ సర్వీస్ సెంటర్‌లో పెట్టుకోవాలి, మొదటి పరిశీలన పంచాయతీ స్థాయిలో జరుగుతుంది. శిక్షణకు వెళ్ళినవారు విద్యుత్ పనిముట్ల గురించి అడిగి, అక్కడున్న మిషన్‌ను తమ చేత్తో నడిపి చూసుకోవడం మంచిది.

ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు, వారంటీ కార్డు తీసుకోవాలి. మిషన్ మీది సీరియల్ నంబరు కార్డులో ఉన్నదానితో సరిపోవాలి. ఆ కంపెనీ మరమ్మతు కేంద్రం నరసరావుపేటలో ఉందా, గుంటూరు దాకా పోవాలా అన్నది డబ్బు ఇవ్వకముందే తెలుసుకోవాలి. ఈ మోటార్లలో ముందుగా అరిగేవి కార్బన్ బ్రష్‌లు. బ్రష్‌లు అరిగితే మోటారు లోపల నిప్పురవ్వలు ఎక్కువవుతాయి, మిషన్ ఆగి ఆగి నడుస్తుంది. అప్పుడే మారిస్తే చిన్న ఖర్చుతో పోతుంది. అలాగే నడిపిస్తే ఆర్మేచర్ కాలుతుంది, ఆ బాగుచేత ఖర్చు కొత్త మిషన్ ధరకు దగ్గరవుతుంది. అందుకే బ్రష్‌లు విడిగా దొరకని మిషన్ జోలికి వెళ్ళకూడదు.

దుకాణంలో చివరి పరీక్ష ఇలా చేయాలి. ఇంటి నుంచి ఒక 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క, మూలమట్టం, ఒక కొత్త టీ 101 బీ బ్లేడు తీసుకెళ్ళాలి. బ్లేడు బిగించి, పాదానికీ బ్లేడుకూ మధ్య మూలమట్టం ఆనించి రెండూ లంబంగా ఉన్నాయో లేదో చూడాలి. బ్లేడు పట్టే కడ్డీని వేళ్ళతో పక్కలకు ఊపి చూడాలి, వదులు ఉండకూడదు. ప్లగ్గు పెట్టి అతి తక్కువ వేగంలో నడిపితే శబ్దం ఒకే తీరుగా ఉండాలి, గరగర రాకూడదు. తరువాత మీట సున్నా దగ్గర పెట్టి, ముక్క మీద జానెడు వెడల్పు గుండ్రం గీసి, తోయకుండా మిషన్‌ను దాని పాటికి పోనిచ్చి కోయాలి. ఊడివచ్చిన బిళ్ళ అంచుకు నాలుగు చోట్ల మూలమట్టం పెట్టాలి. నాలుగు చోట్లా వెలుతురు సందు కనిపించకపోతే ఆ మిషన్‌కు డబ్బు ఇవ్వవచ్చు. ఒకవైపు సందు కనిపిస్తే పాదం సరిచేయించి మళ్ళీ కోసి చూడాలి. రెండోసారీ అలాగే వస్తే అరలో ఉన్న ఇంకో మిషన్ దింపమని అడగాలి.